టోప్లీల కళ్లజోడు

ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ములోంచి ఎవరో వస్తున్నారు.

మోదుగుల వంపు దగ్గర ముందుగా ఒక మసక కదులుతుంది. మనిషంత ఎత్తు మసక. దానికి ముఖం ఉండదు. వయసుండదు, పేరుండదు. నడక ఒక్కటే ఉంటుంది.

బాలి గడపలో కూర్చుని ఆ మసకనే చూస్తుంది.

అతడే కావచ్చు.

వంపు నుంచి ఇంటి కంచె దాకా పెద్ద దూరమేమీ కాదు. మేకల్ని తోలుకుంటూ వస్తే కాస్త ఆలస్యం, సైకిలు మీదైతే రెప్పపాటు. ఆ కాసేపూ — ఆ కాస్తంత సేపూ — వచ్చేది జైరామే. ఎడమ కాలు కొంచెం పక్కకు విసిరినట్టు వేసే జైరాం. భుజం మీద తువ్వాలు, చేతిలో పొట్లం. పిల్లకు బూందీ తెస్తానన్నాడు కదా, బూందీయే అయి ఉంటుంది.

తర్వాత మసక దగ్గరికి వస్తుంది. కంచె దగ్గర దానికి ముఖం వస్తుంది. ఒకనాడు మేకల సక్రి ముఖం. ఒకనాడు పాలు పోసి తిరిగొచ్చే లాలి ముఖం.

"ఏంది బాలీ, గట్ల సూస్తున్నవ్?"

"ఏం లేదు. పొద్దుగూకింది గద, దీపం పెట్టాలె."

రేపు మళ్లీ పొద్దుగూకుతుంది. రేపు మళ్లీ వంపు దగ్గర ఎవరో ఒకరు కదులుతారు. ములకలపల్లి అడవి అంచున ఉన్న ఆ చిన్న తండాకు మసకలకేం కొదవ లేదు.

పొద్దుగూకేలోపు వస్తా...

అలా అనే వెళ్లాడు జైరాం. మిర్చి బస్తాల లారీ ఎక్కి, ఖమ్మం యార్డుకు, హమాలీ పనికి. అప్పటికి కూతురు పుష్ప పలక మీద అక్షరాలు దిద్దుతోంది. ఇప్పుడు పుష్ప ఆర్టీసీ బస్సులో కండక్టరు. ఖమ్మంలో కిరాయి ఇల్లు, మొగుడు, పిల్లలు.

వెతకలేదా అంటే, వెతికారు. యార్డులో అడిగారు. పోలీసు స్టేషన్‌లో చెప్పుకున్నారు. లారీ దిగాడన్న వాళ్లున్నారు, బస్తాలు మోశాడన్న వాళ్లున్నారు, చాయ్ తాగుతుంటే చూశామన్న వాళ్లున్నారు. చాయ్ తాగిన తర్వాత ఎటు పోయాడో చెప్పిన వాళ్లు మాత్రం లేరు.

పోయాడన్న కబురు రాలేదు.

ఉన్నాడన్న కబురూ రాలేదు.

అందుకే బాలి కణతల దగ్గర టోప్లీలు అలాగే ఉన్నాయి.

వెండి టోప్లీలు. జుట్టు పాయల్లో అల్లి, చెవుల మీదుగా చెంపల దాకా వేలాడేవి. తల కదిలిస్తే సన్నగా మోగుతాయి. పెళ్లిలో పెడతారు. మొగుడున్నన్నాళ్లూ ఉంటాయి. మొగుడు పోయిన దినం తండా ఆడవాళ్లు చుట్టూ చేరి తీస్తారు. ఎవరివి వాళ్లు తీసుకునేవి కావు. వాటిని తీయాలంటే ఒక దినం ఉండాలి, ఒక ఏడుపుండాలి, పక్కవాళ్ల చేతులుండాలి.

బాలికి ఆ దినం రాలేదు. ఆ ఏడుపు రాలేదు. వచ్చినవన్నీ వేరే ఏడుపులు.

ఈ కాలం పిల్లలు అసలు పెట్టుకోవడమే మానేశారు. పుష్ప తన పెళ్లిలో ఫొటోల కోసం కాసేపు పెట్టుకుని, తీసి బ్యాగులో వేసుకుంది. బ్యాగు జిప్పు లాగిన చప్పుడుకు బాలి గుండె ఝల్లుమంది. ఆ తర్వాత కొన్నాళ్లు అల్లుడు ఆలస్యంగా ఇంటికొచ్చినా ఆమె భయపడేది.

కళ్ల సంగతి బయటపెట్టింది మిరపకాయే.

రాఘవమ్మగారి కల్లంలో ఏరుడు పని. ఎర్రకాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. రంగు పోయి తెల్లబడ్డ కాయ తాలు. బాలికి ఆ పని కొట్టిన పిండి. కాయ గలగలమంటే ఎండిందనీ, మెత్తగా ఒదిగితే ఇంకో ఎండ కావాలనీ వేళ్లు చెప్పేవి. ఎన్నో కాలాలు వేళ్లతోనే నెట్టుకొచ్చింది.

రంగు మాత్రం వేళ్లకు తెలియదు.

"ఇదేంటి బాలీ, తాలంతా ఎర్రకాయలో కలిపేశావు?" అంది రాఘవమ్మ. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న ఇల్లు వాళ్లది. మనిషి నోరు మంచిది. ఆ మంచి నోటితోనే అంది — "కళ్లు చూపించుకునే దాకా ఏరుడుకు రాకు తల్లీ. నీ మీద కోపం కాదు."

కోపమైనా బాగుండేది. కోపమైతే తనూ ఒక మాట అనేసి వచ్చేది.

సెలవు రోజున పుష్ప వచ్చి ఖమ్మం తీసుకెళ్లింది. కళ్లజోళ్ల దుకాణం. పరీక్ష చేసే శ్రీధర్ అద్దం మీద అద్దం మార్చి చూసి, మళ్లీ మొదటి నుంచీ చూశాడు.

"ఇన్నేండ్లు ఎట్ల తిరిగినవమ్మా అడవిల?"

"అడవి యాడికి పోతది బిడ్డా? దాని జాగల అది ఉంటది."

శ్రీధర్ నవ్వాడు. సాయంత్రానికి జోడు తయారు చేసి ఇచ్చాడు. నల్లటి ఫ్రేము. ముక్కు మీద పెట్టి కాడలు చెవుల మీదికి తోయబోయాడు. కాడలు పోలేదు. టోప్లీలు అడ్డం పడ్డాయి.

"ఇవి తీసెయ్యిన్రి, సరిపోతది," అన్నాడు. వాచీ తీయమన్నంత తేలిగ్గా అన్నాడు.

బాలి రెండు చేతులూ కణతల మీదికి వెళ్లాయి.

"తీసేటివి కావు."

పుష్ప బయట ఆగిన ఆటోను చూస్తూ నిలబడింది.

అతడు కాడల్ని వేడి చేసి వంచాడు. వెండి మీదుగానే బలవంతంగా తొడిగాడు. కణతకూ కాడకూ మధ్య టోప్లీ నొక్కుకుంది. నొప్పి పుట్టింది. ఆ నొప్పిలోంచే చూపు వచ్చింది.

ఎదురుగా ఒక ఆడమనిషి. చెంపల దగ్గర తెల్ల వెంట్రుకలు. కళ్ల కింద నలుపు. పెదవుల పక్కన రెండు గీతలు. పెద్దదవుతోందెవరో పాపం, అనుకుంది బాలి.

పుష్ప.

పలక పట్టుకున్న పుష్ప. పెళ్లి చీరలో నవ్విన పుష్ప. ఎప్పుడు నెరిసింది? తను చూస్తుండగానే కదా, ప్రతి పండక్కీ వచ్చి పక్కనే కూర్చుంది కదా. బాలికి ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చింది.

"మొదట్ల నీళ్లు కారతయమ్మా," అన్నాడు శ్రీధర్. "అలవాటైతది."

అలవాటైతది.

తిరుగు ప్రయాణంలో కొత్తగూడెం దాటాక అడవి మొదలైంది. ఇంతకుముందు అడవి ఒకటే. ఒకే పచ్చదనం, ఒకే చల్లదనం. ఇప్పుడు ఆకు వేరు, ఆకు వేరు, ఆకు వేరు. కొమ్మ మీద చీమల గూడు. చీలిన బెరడు. ఎండిన కాయ. అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. కళ్లకు ఊపిరాడలేదు.

కళ్లు మూసుకుంది. జోడు మాత్రం అలాగే ఉంది.

అలవాటైతది.

తండాలో దిగాక నేల పైకి లేచింది. ఉందనుకున్న చోట అడుగు వేస్తే అక్కడ నేల లేదు, లేదనుకున్న చోట తగిలి బొటనవేలు చిట్లింది. తన వాకిట్లోనే కొత్త కోడలి మాదిరి చూసి చూసి నడిచింది. అన్నం కుండ మీద మూత తీస్తే అద్దాలకు ఆవిరి పట్టి లోకం మాయమైంది. చెమట పడితే ముక్కు మీది నుంచి జారింది. ఎటు చూసినా ఫ్రేము అంచులు. చూపుకు నాలుగు వైపులా గట్టు కట్టేశారు. పక్కన ఎవరున్నారో చూడాలంటే తల మొత్తం తిప్పాలి, తల తిప్పితే టోప్లీ నొక్కుతుంది, టోప్లీ నొక్కితే కణత గుంజుతుంది.

ముఖానికి తలుపు పెట్టి గడియ వేసినట్టుంది.

"పంతులమ్మా, మా పిల్లలకు ట్యూషన్ చెప్తవా?" లాలి ఎగతాళి.

తీసి గూట్లో పెడితే ఏరుడు పని లేదు. పెట్టుకుంటే తల నొప్పి. పెట్టుకుంది. కల్లానికి వెళ్లింది. తాలు తాలులాగే కనిపించింది, ఎర్ర ఎర్రలాగే. మిరప ఘాటు కూడా మునుపటంత కళ్లలోకి రావడం లేదు. రాఘవమ్మ సంతోషించి, "చూశావా, ఎంత హాయిగా ఉందో" అంది.

అవ్, అంది బాలి. హాయి లేదని ఎలా చెప్పాలో తెలియలేదు.

ఎందుకంటే అప్పటికే సాయంత్రం ఒకటి గడిచింది.

జోడు పెట్టుకున్న మొదటి సాయంత్రం. గడప. ఎర్రటి దుమ్ము. మోదుగుల వంపు. పూలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి, వంకర ముక్కులతో. దుమ్ములోంచి ఎవరో వచ్చారు.

సక్రి.

మసక లేదు. నడక ముందూ లేదు, ముఖం తర్వాతా లేదు. వంపు దగ్గరే సక్రి సక్రిగా వచ్చింది, చేతిలో కర్రతో, నోట్లో వేప పుల్లతో. ఆమె వెనకాల మేకలు. మేకల వెనకాల ఖాళీ దారి.

ఆ కాసేపు లేదు.

జైరాం రావడానికి ఆ కాసేపే కదా ఉండేది. ఇన్నేళ్లుగా రోజూ ఆ కాస్త దారిలోనే కదా నడిచాడు. ఇప్పుడు వంపు దగ్గరే అందరూ ఎవరికి వాళ్లయిపోతున్నారు. లాలి. ఫారెస్టు గార్డు. రేషన్ బియ్యం మోసుకొచ్చే మనిషి. ఒక్కరూ కాసేపైనా జైరాం కావడం లేదు.

మరి తీసేసి చూడొచ్చు కదా... చూసింది. ఒక సాయంత్రం జోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. మసక వచ్చింది. బాలి గుండె పాత అలవాటున లేచింది. కానీ ఆ మసక కొంగు విసురు సక్రిదని తెలిసిపోయింది. ఆ పొట్టి మసక లాలిదని తెలిసిపోయింది. రోజూ స్పష్టంగా చూసిన నడకలు — వాటిని మళ్లీ మర్చిపోవడం ఎలా? జోడు తీయగలిగింది గానీ, చూసింది తీసేయలేకపోయింది.

ఆ సాయంత్రం దీపం పెట్టలేదు.

కణత పుండు పడింది. కాడకూ ఎముకకూ మధ్య వెండి నలిగి నలిగి, చర్మం చిట్లింది. సక్రి పసుపూ నూనే కలిపి తెచ్చింది. బాలి తలను తన మోకాలి మీద పెట్టుకుని రాసింది. సక్రి కణతలు బోడిగా ఉంటాయి. ఆమె మొగుడు పోయి చాలా కాలమైంది.

"తీసెయ్యవే," అంది సక్రి మెల్లగా. "ఎవరేమంటరు ఇప్పుడు?"

"ఎవరు తియ్యాలె?"

"నేన్ తీస్త. నావి తీసిననాడు నా తల పట్టుకున్నది నువ్వే గద."

అవును, పట్టుకుంది. వాగు ఒడ్డున, తడి జుట్టు, చేతుల్లో అదిరే తల. తీసిన టోప్లీలు దోసిట్లో ఎంత బరువున్నాయో బాలికి గుర్తుంది.

"ఏ దినమని తీస్తవ్ సక్రీ?"

సక్రి చెయ్యి ఆగింది. ఏ దినమని చెబుతుంది? ఏ ఏడుపు ఏడుస్తారు? బాలి తన చేత్తో తను తీసుకుంటే — అది అతడిని తానే చంపినట్టు కాదా? అట్టే ఉంచితే తల పగిలిపోతోంది. జోడు మానేస్తే పని పోతుంది. మూడు దిక్కులా మూసి ఉంది, నాలుగో దిక్కున దారి కనిపిస్తోంది, ఆ దారి ఖాళీగా ఉంది.

సక్రి మిగిలిన పసుపు నూనె గిన్నె గడప పక్కన పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు బాలి ఎర్రదారం తీసింది. రవికెల మీద అద్దాలు కుట్టే దారం. టోప్లీని జుట్టుకు బిగించే చోట చిన్న ఉచ్చులు చేసింది, అటొకటి, ఇటొకటి. కళ్లజోడు కాడల్ని చెవుల మీదికి తోయలేదు. ఆ ఉచ్చుల్లోకి తోసింది. దారం బిగించి ముడి వేసింది.

జోడు నిలబడింది.

కణతను తాకలేదు. చెవిని నొక్కలేదు. ముక్కు మీద బరువు తేలిపోయింది. తల ఊపింది — జారలేదు. టోప్లీలు మోగాయి, వాటితో పాటు అద్దాలు కూడా సన్నగా కదిలాయి. చూసి లాలి నవ్వీ నవ్వీ కూలబడింది. సక్రి నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బాలికి కూడా నవ్వొచ్చింది. ఎంత తేలిగ్గా ఉందో, ముఖం మీద ఏమీ లేనట్టే ఉంది. పుండు మానింది. నేల తన చోటికి తాను దిగింది. అన్నం కుండ మూత తీసేటప్పుడు ముఖం పక్కకు తిప్పడం వచ్చేసింది.

అలవాటైంది.

అలవాటైన తర్వాతే తెలిసింది. ఇప్పుడు జోడు తీయాలంటే ముడి విప్పాలి. ముడి విప్పితే టోప్లీ వదులవుతుంది. పడుకునే ముందు టోప్లీని ఒక చేత్తో పట్టుకుని విప్పుతుంది, పొద్దున్నే లేవగానే బిగిస్తుంది. పగలంతా ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి. అతడి కోసం పెట్టుకున్న వెండి, అతడు రావడం లేదని చూపించే అద్దాలు.

మళ్లీ సెలవు రోజున పుష్ప వచ్చింది. తల్లిని చూసి ముందు నవ్వబోయింది. ఎర్ర ముడులు చూసి నవ్వు సగంలో ఆపేసింది.

బాలి ఎప్పుడూ అడిగేదే అడిగింది. వానలు పడ్డాయా, పిల్లలు బాగున్నారా అన్నంత మామూలుగా.

"మీ నాయిన సంగతి ఏమన్న తెలిసిందా బిడ్డా?"

"లేదు యాడీ."

తండాలో అమ్మను యాడీ అంటారు. పుష్ప ఎప్పుడూ అదే మాట అనేది, అదే గొంతుతో. ఇన్నేళ్లూ బాలి విన్నది ఆ గొంతునే. ఆ గొంతులో ఎప్పుడూ ఏ తేడా లేదు. ఇవాళా లేదు.

ఇవాళ ముఖం కనిపించింది.

మాటకు ముందు పుష్ప చూపు టోప్లీల మీదికి వచ్చింది. అక్కణ్నుంచి నేల మీదికి దిగింది. కింది పెదవి పళ్ల కిందికి వెళ్లింది. చిన్నప్పుడు పాలగిన్నె ఒలకబోసి పిల్లి మీద చెప్పినప్పుడు అచ్చం ఇలాగే. ఆ తర్వాత వచ్చింది మాట.

లేదు యాడీ.

తెలుసు.

పుష్పకు తెలుసు.

ఏం తెలుసో ముఖం చెప్పలేదు. పోయాడనా? ఎక్కడో ఇంకో ఇంట్లో, ఇంకో గడపలో కూర్చున్నాడనా? ఏదో ఒక స్టాపులో పుష్ప బస్సే ఎక్కి, చెయ్యి చాచి టికెట్టు తీసుకుని, దిగిపోయాడనా? ఎప్పటి నుంచి తెలుసు? ఈ పండగ నుంచా, పోయిన పండగ నుంచా, పెళ్లి చీరలో నవ్విన నాటి నుంచా? ప్రతిసారీ ఈ పెదవి ఇలాగే పళ్ల కిందికి వెళ్లిందా, తను మసకలో కూర్చుని గొంతు మాత్రం వింటుంటే?

ఒక్క మాట అడిగితే చాలు. పోయాడంటే ఒక దినం దొరుకుతుంది, సక్రి చేతులున్నాయి, వాగుంది. ఉన్నాడంటే టోప్లీలు ఉంటాయి — ఉండి, ఏం చేయాలి?

"బిడ్డా..."

పుష్ప తల ఎత్తింది. కళ్లలో భయం. తెల్లగా, దగ్గరగా, అద్దాల నిండా భయం.

"ఏంది యాడీ?"

బాలి చాలాసేపు చూసింది. ఆ భయం తన కోసమేనని అర్థమైంది.

"అన్నం తిని పో."

సాయంత్రం బస్సు వేళకు పుష్ప బయల్దేరింది. ఇంతకుముందు సగం దారిలోనే కూతురు దుమ్ములో కలిసిపోయేది. వెనక్కి చూడకుండా పోతుందనుకునేది బాలి, ఉద్యోగం మనిషి, తొందర. ఇప్పుడు వంపు దాకా కనిపించింది. వంపు దగ్గర పుష్ప ఆగింది. వెనక్కి తిరిగింది. చున్నీ అంచుతో కళ్లు తుడుచుకుంది. తల్లికి అంత దూరం కనిపించదనే ధైర్యంతో, నిలబడి, తీరిగ్గా తుడుచుకుంది.

తర్వాత మోదుగుల చాటుకు వెళ్లిపోయింది.

బాలి గడపలో కూర్చుంది. పొద్దుగూకుతోంది. దారి మీద రాలిన పూలు. గాలికి లేచిన దుమ్ము.

దుమ్ములో కదలిక.

చేతులు కణతల మీదికి వెళ్లాయి. వేళ్లు ఎర్ర ముడుల్ని తాకాయి. గట్టి ముడులు, తను వేసినవే. విప్పలేదు. విప్పే లోపు వచ్చే మనిషికి ముఖం వచ్చేస్తుంది.

అద్దాల వెనక కళ్లు మూసుకుంది.

అడుగుల చప్పుడు. సక్రిది కావచ్చు, కానీ మేకల అలికిడి లేదు. పుష్పే కావచ్చు, చెప్పేద్దామని వెనక్కి. ఒక అడుగు బరువుగా పడుతోంది, ఒకటి తేలిగ్గా. లేదు, గాలేమో... కంచె దాకా ఇంకా దారి ఉంది. టోప్లీలు కదలకుండా బాలి ఊపిరి బిగపట్టింది.

రెప్పల లోపల ఎర్రటి మసక. ఆ మసకలోంచి ఎవరో వస్తున్నారు.